సార్ మాట, పెద్దక్క మాట

మా మామగారిని కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ని చేసినప్పుడు పోటీకి ఎవరూ నిలబడలేదు. "సైంటిస్టు సారు ఉండంగ ఇంకొకరెందుకు" అని ఒకాయన అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వలేదు, కాదనలేదు. తనకు రావలసింది తనకు వచ్చినట్టు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆయన ఉద్యోగమంతా నీటితోనే గడిచింది. పడిన వాన ఎక్కడ ఇంకుతుంది, ఎటు పారుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది ఆయన చదువు. ఉప్పల్ దగ్గర ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. ఊరు గోదావరి వైపు. నాది జనగామ వైపు. మా ఆయనా నేనూ కాలేజీలో ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. అత్తగారు పోయాక మామగారి ఇంట్లోనే, ఆయనతోనే ఉంటున్నాం. నేను ఉప్పల్ చౌరస్తాకు దగ్గరలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను.

మా కాలనీ నాచారం ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. పై వీధుల్లో మా లాంటి వాళ్లవి సొంత ఇళ్లు. పల్లంలో, నాలా పక్కన ఉన్నది కింది గల్లీ. అక్కడ ఒక్కో ఇంట్లో నాలుగైదు పోర్షన్లు. ఒక గది, ఒక వంటమూల. నల్లగొండ, వరంగల్, మెదక్ వైపుల నుంచి వచ్చి బిస్కెట్ల కంపెనీలో, మందుల కంపెనీలో, ప్లాస్టిక్ కంపెనీలో షిఫ్టులు చేసుకునేవాళ్లు అద్దెకుండేవారు. కాలనీకి ఎగువన చెరువుంది. చెరువు నిండితే పొర్లే నీళ్లు ఆ నాలాలోంచే కిందికి పోవాలి.

కింది గల్లీ మొదట్లో ఎత్తు అరుగు మీద పిండి గిర్ని ఉంది. దాన్ని నడిపే ఆమెను ఊరంతా పెద్దక్క అంటారు. మోత్కూరు వైపు నుంచి చాలా ఏళ్ల క్రితం భర్తతో వచ్చింది. భర్త పోయినా గిర్ని ఆపలేదు. పెద్దగా చదువుకోలేదు. గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా, మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నా, నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల కోసం తగువుపడినా ముందు ఆమె గుమ్మం దగ్గరికే వచ్చేవారు. ఆమె చెప్పేది ఒక్కోసారి తప్పయ్యేది కూడా. దవాఖానాకు పోవలసిన దగ్గుకు మిరియాల కషాయం ఇచ్చిన సంగతి నాకు తెలుసు. అయినా జనం ఆమె దగ్గరికే వెళ్లేవారు. ఎందుకంటే దగ్గు తగ్గకపోతే ఆ మనిషిని ఆటోలో ఎక్కించుకుని వెళ్లేదీ ఆమే.

అధ్యక్షుడయ్యాక మామగారు పెట్టిన మొదటి మీటింగు నాకు బాగా గుర్తుంది. కమ్యూనిటీ హాలు నిండిపోయింది. కింది గల్లీ ఆడవాళ్లు కూడా వచ్చి వెనక నేల మీద కూర్చున్నారు. ఆయన గోడ మీద తెర కట్టించి మ్యాపులు చూపించారు. చెరువు, నిండితే నీళ్లు పొర్లే దాని అలుగు, అలుగు నుంచి దిగే కాలువ, ఆ కాలువ మీద ఎవరెవరు ఏమేం కట్టేశారు అన్నీ చెప్పారు. గల్లీ చివర మూతపడిన ఫ్యాక్టరీ ప్రహరీగోడ ఉంటే దాని మీద ఎర్రగీత గీశారు. నిజం చెప్పాలంటే అంత శ్రద్ధగా మా కాలనీని అంతకు ముందు ఎవరూ చూడలేదు. కానీ ఆయన మాట్లాడింది సగం ఇంగ్లీషు. మిగతా సగం ఆయన ఊరి తెలుగు. 'అలుగు' అన్న ప్రతిసారీ వెనక ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ మాటకు వాళ్ల దగ్గర 'మత్తడి' అనే మాటుంది. మా ఊళ్లోనూ అంతే.

ఒక ఇంటి ఓనరు లేచి, "ఇరవై ఏండ్ల సంది ఉంటున్నం సార్. గిక్కడికి ఎన్నడు నీళ్లు రాలే" అన్నాడు.

"మీ అనుభవం డేటా కాదండీ" అన్నారు మామగారు.

హాల్లో కొందరు నవ్వారు. ఆ ఓనరు కూర్చున్నాడు. మళ్లీ ఏ మీటింగుకూ రాలేదు.

అప్పుడు వెనక నుంచి పెద్దక్క లేచింది. చీరకు, చేతులకు పిండి అంటుకునే ఉంది. "సార్, నాకు గీ గీతలు సమజ్ కాలే గని, ఒక్క ముచ్చట సెప్పుండ్రి. నీళ్లు వస్తే ముందుగాల యాడికి వస్తయ్? మేం ఎటు వోవాలె?"

అంతకంటే మంచి ప్రశ్న ఆ హాల్లో మరెవరూ అడగలేదు. మామగారు మాత్రం దాన్ని అలా తీసుకోలేదు. "ముందు కారణం అర్థం చేసుకోవాలమ్మా. కారణం తెలియకుండా ఎటు పోవాలంటే ఏం చెబుతాం?" అని తర్వాతి మ్యాపు తెర మీదికి తెచ్చారు. ఆమె చీర దులుపుకుని కూర్చుంది.

ఇంటికి వస్తూ నేను అన్నాను, "మామయ్యగారూ, అలుగు అనకుండా మత్తడి అంటే వాళ్లకు అర్థమవుతుంది."

"పేరులో ఏముందమ్మా. విషయం ముఖ్యం" అన్నారు.

ఆయన ఖాళీగా కూర్చునే మనిషి కాదు. నాలా మీది కల్వర్టు గోడకు రంగులు వేయించారు. కింద పచ్చ, మధ్యలో పసుపు, పైన ఎరుపు. పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేవారు. ఆఫీసుల చుట్టూ తిరిగారు. పూడిక తీయమని, గోడ తీయమని అర్జీలు పెట్టారు. ప్రతిచోటా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, 'చూస్తాం సార్' అని పంపేవారు. వానాకాలం మొదలవగానే కింది గల్లీలో నేలమట్టం గదుల్లో ఎవరూ ఉండకూడదని నోటీసు అంటించారు. ఉండకపోతే ఎక్కడుండాలో అందులో లేదు. అద్దెకున్నవాళ్లు భయపడ్డారు, ఇళ్ల ఓనర్లకు కోపం వచ్చింది. రెండో రోజుకల్లా ఆ నోటీసు మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు.

మీటింగులకు జనం తగ్గుతూ వచ్చారు. ఒక ఆదివారం మామగారూ నేనూ, వాచ్‌మన్, ఖాళీ కుర్చీలు. ఆయన అయినా మ్యాపు వేసి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. "ఎవరూ లేరు కదా మామయ్యగారూ, ఇంటికి పోదాం" అంటే, "వినేవాళ్లు లేకపోతే నిజం మారిపోతుందా" అన్నారు.

ఆయన అధ్యక్షుడైన రెండో ఏడాది వానలు వెనకపట్టాక, బతుకమ్మ పూలు కూడా వాడిపోయాక, ఇక ఏం లేదులే అని అందరూ అనుకున్నాక ముసురు పట్టింది. ఆగకుండా పడింది. ఆ రోజు మా ఆయన కంపెనీ పని మీద బెంగుళూరులో ఉన్నాడు. రోడ్లు మునిగాయని మా ల్యాబు తెరవలేదు. మధ్యాహ్నం మామగారు కల్వర్టు దాకా వెళ్లి తడిసి వచ్చారు.

"ఎరుపు దాటింది" అన్నారు.

ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పెద్ద మెసేజీ, ఇంగ్లీషులో, నీటిమట్టం, చెరువు సామర్థ్యం, వాన లెక్క అన్నీ రాసి. దానికి ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. ఒకరు వేడి మిర్చీబజ్జీల ఫొటో పెట్టారు. ఆయన ఫోన్ సోఫాలోకి విసిరేసి, "నేనే వెళ్లి చెబుతా" అని లేచారు. నేను గొడుగు పట్టుకుని వెంట వెళ్లాను.

కింది గల్లీలో నీళ్లు మడమల దాకా ఉన్నాయి. అది వాళ్లకు కొత్త కాదు. గుమ్మాలకు ఇటుకలు అడ్డం పెట్టుకుని ఎవరి పనుల్లో వాళ్లున్నారు. ఆయన గల్లీ మధ్యలో నిలబడి గట్టిగా అన్నారు. "ప్రమాదస్థాయి దాటిపోయింది. అందరూ వెంటనే ఇళ్లు ఖాళీ చేయండి!"

జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఒక ముసలాయన, "యాడికి పోవాలె సార్ గీ వానల?" అని అడిగాడు.

"ఎక్కడికైనా. ఎత్తైన చోటికి. ముందు ఇక్కడి నుంచి కదలండి!"

ఎవరూ కదలలేదు. అందరి కళ్లూ గిర్ని వైపు తిరిగాయి. పెద్దక్క గోనెపట్టా తల మీద వేసుకుని అరుగు దిగి వచ్చింది. నాలా దాకా పోయి చూసింది. ఆకాశం వైపు చూసింది. వాన ఆ కాసేపు నిజంగానే సన్నబడింది.

"జర తెరిపిచ్చింది సార్" అంది. "రోడ్డు మీద కరెంటు తీగలు తెగి ఉన్నయంటున్నరు. మూలకు ఆ ముసలవ్వ మంచంల ఉన్నది. పసివిల్లలున్నరు. గీళ్లందర్ని ఏసుకొని ఏడ తిరుగుతరు? మీరు ఫికర్ జేయకుండ్రి. నేను నాలా కాడ్నే ఉంట. ఏమన్న అయితే కేకేస్త." తర్వాత గల్లీ వైపు తిరిగి గొంతు పెంచింది. "ఎవ్వలు బయటికి రాకుండ్రి. ఇండ్లల్లనే ఉండుండ్రి. కరెంటు మెయిన్ బంద్ చేసుకోండ్రి."

తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒక్క మాటకు. ఆయన ఏడాదిన్నరగా చెప్పిన మాటలన్నీ పక్కన పడి ఉన్నాయి.

మామగారు ఎర్రబడిన మొహంతో ఆమెను చూశారు. "మీ ఇష్టం. నేను చెప్పవలసింది చెప్పాను" అని వెనక్కి తిరిగారు. నేను గొడుగుతో ఆయన వెనక నడిచాను. ఇంటికి వచ్చి తడిబట్టలు కూడా మార్చుకోకుండా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. "చెప్పాను. వినలేదు" అని రెండుసార్లు అన్నారు. నాకు అన్నారో, ఇంకెవరికో.

చీకటి పడే వేళకు చెరువు వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. లారీ మట్టి పోస్తే వచ్చే చప్పుడు, కానీ ఆగలేదు. మత్తడి పక్కన కట్ట కోసుకుపోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు వినిపించింది పెద్దక్క కేక. "లెవ్వుండ్రీ! మిద్దెలెక్కుండ్రీ!"

నేను పరిగెత్తాను. గల్లీ మొదటికి చేరేసరికి నీళ్లు నడుముల దాకా ఉన్నాయి, గ్యాస్ సిలిండర్లు, చెప్పులు, ప్లాస్టిక్ డ్రమ్ములు తిరుగుతూ కొట్టుకొస్తున్నాయి. పెద్దక్క ఛాతీ లోతు నీళ్లలో ఉంది. చీరలు ముడేసి గిర్ని స్తంభానికి కట్టి, ఆ చీరల తాడు పట్టుకుని గల్లీ మగవాళ్లు పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందిస్తున్నారు. ఆమె పేరుపేరునా పిలుస్తోంది. ఏ గదిలో ఎందరున్నారో ఆమెకు తెలుసు. గిర్ని మీది డాబా నిండిపోతోంది. నీళ్లు తగ్గడం లేదు. గల్లీ చివర గోడ దాకా పోయి, మళ్లీ వెనక్కి తన్నుకొస్తున్నాయి.

"బిడ్డా!" అని అరిచింది నన్ను చూసి. "సార్‌ను అడుగు! గీ నీళ్లు ఎటు వోతయో అడుగు!"

నేను తిరిగి పరిగెత్తబోయేసరికి ఆయనే వస్తున్నారు. చెప్పులు లేవు. అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. గల్లీ మొదట్లో నిలబడి ఏదో అరుస్తున్నారు. ఆ హోరులో 'వాల్', 'అబ్‌స్ట్రక్షన్' అన్న ముక్కలు తప్ప ఏమీ తెలియలేదు. ఎవరూ తిరిగి చూడలేదు.

పెద్దక్క తాడు వదిలి ఆయన వైపు నీళ్లు చీల్చుకుని వచ్చింది. "అందరు సప్పుడు సెయ్యకుండ్రి! సార్ సెప్పేది ఇనుండ్రి!"

నిశ్శబ్దం అనలేను. కానీ ఆ మగవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. ఆ గల్లీలో మొదటిసారి ఆయన ముందు వినే జనం ఉన్నారు, ఆయన నోట మాట రాలేదు. నేను చేయి పట్టుకుని, "ఎటు పోతాయి మామయ్యగారూ, ఒక్క మాట చెప్పండి" అన్నాను.

"గోడ" అన్నారు. "గోడ కొట్టండి. ఎడమ మూల. అవతల పల్లం. అటే పోతాయి."

అంతే. మ్యాపులో ఎర్రగీత గీసింది దానికే. నలుగురైదుగురు డాబాల మీదుగా గోడ దాకా పోయి గడ్డపారలతో, సమ్మెటలతో కొట్టారు. ఇటుకలు కూలి నీళ్లు ఒక్కసారి అవతలి ఖాళీ జాగాలోకి దూకాయి. మా కళ్ల ముందే మట్టం దిగడం మొదలైంది. గిర్ని డాబా మీద ఎవరో ఏడుస్తూ దేవుడికి మొక్కుతున్నారు.

ఆ నీళ్లలో అంతదాకా ఎవరూ చేరలేకపోయిన, గోడకు ఆనుకుని ఉన్న చివరి గదిని అప్పుడు చూశారు.

ఆ గదిలో మంచానికే పరిమితమైన ముసలామె, ఆమె కోడలు ఉండేవారు. కోడలు బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్‌లో చేసేది. కొడుకు ఇంకో కంపెనీలో షిఫ్టుకు వెళ్లి రోడ్లు మునిగి అక్కడే చిక్కుకున్నాడు. ఆ అమ్మాయి నాకు తెలుసు. అత్తకు షుగర్ పరీక్షకని ఆటోలో ఎత్తుకుని మా ల్యాబుకు తెచ్చేది. నేను సూది గుచ్చేటప్పుడు అత్త మొహం తన పొట్టకు ఆనించుకుని, "అయిపాయె, అయిపాయె" అనేది. గల్లీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఆ గదికి రేకు తలుపు, బయటికి తెరుచుకునేది. బయటి నీళ్లు దాన్ని నొక్కిపట్టాయి. తలుపు విరగ్గొట్టి చూసేసరికి మంచం పైకప్పు వైపు లేచి ఉంది. కోడలు చేయి అత్త నడుము చుట్టూ ఉంది. అత్తను వదిలేసి వస్తే తాను వెంటిలేటర్ కిటికీలోంచి వచ్చేదేమో అని తర్వాత కొందరన్నారు. నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు.

పెద్దక్క ఆ గుమ్మంలో బురదలో కూలబడింది. తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండమన్నది తానేనని ఎవరూ గుర్తు చేయనక్కరలేకపోయింది.

ఆ వారం తెల్లచొక్కాల నాయకులు వచ్చారు. బురదలో ఫొటోలు దిగారు, దుప్పట్లు పంచారు, పోయారు. నీళ్లు పోయిన తర్వాత గోడల మీద ఛాతీ ఎత్తున, చివరి గదిలో పైకప్పు దాకా, గీత మిగిలింది. వాసన చాలా రోజులు పోలేదు.

తర్వాత సంఘం మీటింగు పెట్టారు. హాలు నిండింది. చనిపోయిన అమ్మాయి భర్త ముందు వరుసలో గుండుతో కూర్చున్నాడు. మామగారు లేచారు. తాను పెట్టిన అర్జీలు, అంటించిన నోటీసు, చేసిన హెచ్చరికలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. ప్రతిదీ నిజం. ఒక్క అక్షరం తప్పు లేదు. వింటుంటే నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. భార్యను, తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఆయన చదువుతూనే ఉన్నారు.

మధ్యలో పెద్దక్క లేచి వచ్చింది. ఆయన్ను ఆపలేదు, ఆయన వైపు చూడనూ లేదు. ఆ పిల్లవాడి ముందు నేల మీద కూర్చుంది.

"సార్ పొమ్మన్నడు. నేనే ఉండుమన్న. నా మాట ఇని ఉన్నది నీ పెండ్లాం. నన్నేమన్నంటే అను. కొడ్తే కొట్టు."

హాల్లో ఆడవాళ్లు ఏడ్చారు. ఆ పిల్లవాడు లేచి ఆమెను దాటుకుని బయటికి వెళ్లిపోయాడు. అతను ఆమెను క్షమించాడని కొందరు చెప్పుకున్నారు. అది నిజం కాదు. సామాను ఏమీ మిగలలేదు కనుక చేతుల్లో ఒక సంచితో నారపల్లి వైపు ఏదో గదికి మారిపోయాడు. పెద్దక్క రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్తే తలుపు తీయలేదు.

ఇంటికి వచ్చాక మామగారు అన్నం ముందు కూర్చుని కలపకుండానే అడిగారు. "నేను చెప్పింది నిజమే కదమ్మా?"

"నిజమే మామయ్యగారూ."

"మరి అందరూ నేనే చంపినట్టు చూశారేం? ఉండమన్నది ఆవిడ కదా. ఆవిడ కోసం ఏడ్చారు."

నేను గ్లాసులో నీళ్లు పోసి ఆయన ముందు పెట్టాను. "ఆమె చెప్పింది తప్పే. కానీ ఆమె అక్కడే ఉంది. మనం చెప్పి ఇంటికి వచ్చేశాం" అన్నాను. ఆయన చేయి కడుక్కుని లేచిపోయారు. నాతో కొన్ని రోజులు సరిగా మాట్లాడలేదు.

పెద్దక్కలో వచ్చిన మార్పు ఇంకా భయపెట్టింది. గిర్ని ఆడిస్తోంది, పిండి జల్లిస్తోంది, కానీ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. పిల్లకు జ్వరమని ఎవరో వస్తే, "నాకేం ఎర్క. డాక్టర్ కాడికి పో" అనేది. రెండు కుటుంబాలు బిందెల దగ్గర కొట్టుకుని తల పగిలితే లోపలి నుంచి బయటికి రాలేదు. ఆమె చెప్పకపోయేసరికి ఆ గల్లీలో ఎవరి దారి వారిదైపోయింది. తెలిసిన ఆయన మాట ఎవరూ వినరు. అందరూ వినే ఆమె నోరు విప్పదు. అలా ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిచాయి.

మళ్లీ మబ్బులు కనిపించే రోజుల్లో ఒక సాయంత్రం మామగారు చొక్కా వేసుకుని, "కింది గల్లీకి వెళ్దాం రా" అన్నారు. గిర్ని అరుగు మీద నిలబడి, ఎప్పుడూ లేనిది ఆమెను 'అక్కగారూ' అన్నారు.

"నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు. ఈసారి నేను చెప్పింది మీరు చెప్పండి."

ఆమె పిండి జల్లెడ పక్కన పెట్టింది. "ఇగ నా నోట్లకెల్లి అసువంటి మాట రాదు సార్. గా మాట మీద ఇద్దరు పాణాలు పోయినయ్."

"తెలుసు. నేను చెప్పి ఇంటికి పోయాను. అందువల్లా పోయాయి."

ఆయన ఆ మాట అంటారని నేను అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. అరుగు మీది పిండి తుడిచి ఆయనకు కూర్చోవడానికి చోటు చేసింది.

"మీరు సెప్పేది నాకు సమజ్ కావాలె గద ముందుగాల" అంది.

ఆ తర్వాత సాయంత్రాలు వాళ్లిద్దరూ నాలా వెంట నడిచేవారు. ఆయన మ్యాపు పట్టుకెళ్లలేదు. ఆమె అడిగేది, ఆయన చెప్పేవారు. "గీడ దాక వస్తే ఎంత సేపట్ల గల్లీలకొస్తయ్? పసుపు కాడ లేవాలెనా, ఎరుపు కాడనా? లేస్తే ఎవల ఇంటికి?" కొన్నింటికి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. అప్పుడు విసుక్కునేవారు. ఆమె తిరిగి విసుక్కునేది. పై వీధిలో బడి మేడ మీద తాళం ఎవరి దగ్గర ఉంటుందో, నడవలేనివాళ్లను ఎవరు ఎత్తుకోవాలో ఆమె మనుషుల్ని కుదిర్చింది. మామగారు పక్కన నిలబడి వినేవారు.

ఆ వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం కల్వర్టు దగ్గర నీళ్లు పసుపు రంగు దాటాయి. ఆయన వచ్చి ఆమెకు చెప్పారు. ఆమె గల్లీకి చెప్పింది. సణుక్కుంటూనే అందరూ బడి మేడకు కదిలారు, మంచంలో ఉన్నవాళ్లను మంచాలతోనే మోశారు. వాన వెలిసింది. గల్లీలో నీళ్లు చీలమండ దాటలేదు.

"ఊకెనే పరేషాన్ జేసిండ్రు! పొయ్యి మీద కూర మాడిపాయె" అని ఒకామె అరిచింది. షిఫ్టు పోయిందని ఇంకొకతను బూతులు తిట్టాడు. మామగారు ముందుకు వెళ్లి, ఇలాంటి అంచనాల్లో పొరపాటు ఎంతవరకు సహజమో చెప్పబోయారు. పెద్దక్క ఆయన మోచేయి పట్టుకుంది.

"ఉండనీయ్ సార్. తిట్టనీయ్. మనుషులున్నరు గద, తిడ్తరు."

ఆయన ఆగిపోయారు. ఇద్దరూ బడి మెట్ల దగ్గర పక్కపక్కన నిలబడి, దిగి పోతున్న ఒక్కొక్కరి తిట్లూ పడ్డారు. చివరి మనిషి దిగిపోయేదాకా కదలలేదు.

దీంతో అంతా బాగుపడిందని రాయలేను. గోడ మళ్లీ కట్టారు, ఈసారి కాంక్రీటుతో. నాలా ఇంకా సన్నబడింది. సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు, అపార్ట్‌మెంట్లు కట్టే ఆయన. కింది గల్లీలో పాతవాళ్లు చాలామంది మేడిపల్లి వైపు వెళ్లిపోయారు. వాళ్ల గదుల్లోకి ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు దిగారు. వాళ్లకు సార్ ఎవరో తెలియదు, పెద్దక్క ఎవరో తెలియదు. ఆమె వచ్చీరాని హిందీలో చెబుతూ ఉంటుంది. వాళ్లు నవ్వి తలూపుతారు.

మామగారు మొన్నటి చలికాలంలో పోయారు. గుండె. ఆస్పత్రిలో రెండు రోజులున్నారు, ఆ రెండు రోజులూ బయట వాన పడుతోందా అని అడిగారు. చలికాలంలో వానేమిటి మామయ్యగారూ అని నేను చెబుతూ ఉన్నాను.

దినాల నాడు పెద్దక్క వచ్చింది. మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఫొటో ముందు కూర్చుని ఏడవలేదు. నేనిచ్చిన చాయ్ పట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుని నన్నడిగింది.

"ఇగ వానొస్తే నేను ఎవల్ని అడగాలె బిడ్డా?"

నాకు రక్తంలో షుగర్ ఎంతుందో చెప్పడం తెలుసు. నాలా గురించి ఏమీ తెలియదు. నలుగురికి ఒక మాట చెప్పి కదిలించడం అంతకన్నా తెలియదు. "నాకు తెల్వదు పెద్దక్కా" అన్నాను.

ఆమె తలూపింది. చాయ్ తాగి, కప్పు తనే కడిగి బోర్లించి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లింది.